నాలుగో మాట

అడ్డంకిని దేవుడు పెడతాడా, మనిషి పెడతాడా? ఈ సందేహం పద్మనాభయ్యను ఎనిమిదేళ్లుగా వదల్లేదు.

నెల్లూరులో ఆయన ఇంటి గుమ్మం మీద ‘ప్రైవేట్ డిటెక్టివ్’ అని చిన్న బోర్డు ఉండేది. పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, వినాయకుడి పటం ముందు చేతులు జోడించనిదే ఆయన ఏ కేసూ ముట్టుకునేవాడు కాదు. విఘ్నాలు తొలగించమని అడిగేది ఆ దేవుణ్ణే. మరి పెట్టేదెవరు? అడగాలనిపించేది. అడగడానికి భయమేసేది.

ఈ ముల్లు గుచ్చినవాడు ఫాదర్ ఎలాడియో. స్పెయిన్ దేశం నుంచి వచ్చి, ముత్తుకూరుకు తూర్పున చెన్నప్పపాలెంలో చిన్న ఆసుపత్రీ, బడీ పెట్టుకుని ముప్పై ఏళ్లుగా అక్కడే ఉండిపోయిన మనిషి. పద్మనాభయ్య పోలీసు స్టేషన్లో రైటరు ఉద్యోగం మానేసిన కొత్తలో, ఏదో దొంగతనం సంగతి చూడ్డానికి ఆ పాలెం వెళ్లాడు. ఫాదర్‌తో కలిసి తిరిగొచ్చేటప్పుడు ఆటుకి ఉప్పుటేరు నీళ్లు తీసేసి పడవ బురదలో దిగబడింది. పోటు వచ్చేదాకా ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు.

“అడ్డు పడింది. ఏం చేస్తాం!” అన్నాడు పద్మనాభయ్య.

“ఏ అడ్డు?” అన్నాడు ఫాదర్. “మా దేశంలో ఒక్క మాట సరిపోదు రైటరు గారూ. దారిలో గోడలాగా ఎదురుగా నిలబడితే ఒబ్స్తాకులో. కంటికి కనిపిస్తుంది, చుట్టూ తిరిగి పోవచ్చు. నీళ్లడుగున రాయిలాగా దాక్కుంటే ఎస్కోయో. అది ఎవరి తప్పూ కాదు. ఊరికే కాళ్లకడ్డం పడుతూ, ఇది లేకపోతే బాగుండునే అనిపించేది ఎస్తోర్బో. నాలుగోది త్రాబా. గుర్రం పారిపోకుండా దాని కాళ్లకు కట్టే తాడు. ఆ తాడు దానంతట అది పుట్టదు. ఒక చెయ్యి కట్టాలి.”

“ఆ చెయ్యి దేవుడిదే కావచ్చు గదా?”

“ముందు ఏ అడ్డో తేల్చుకోవాలి. తరవాతే దేవుడి మీద వెయ్యాలి. నా బడి పిల్లలకి కూడా ఇదే చెప్తాను. రమణయ్య అని ఒకడున్నాడు, నా భాష నాకంటే బాగా మాట్లాడతాడు.” ఫాదర్ గడ్డం నిమురుకున్నాడు. “సరేగానీ, ఈ నాలుగోదానికి మీ తెలుగు మాటేమిటి?”

పద్మనాభయ్య తడుముకున్నాడు. ఆయన పుట్టింది వంట చేసుకు బతికే ఇంట్లో. గొడ్డూగోదా ఎరగడు. “కనుక్కుని చెబుతా ఫాదర్” అన్నాడు. పోటు వచ్చింది, పడవ తేలింది, ఆయన ఊరు చేరుకున్నాడు. కనుక్కోనూ లేదు, చెప్పనూ లేదు.

ఇప్పుడు ఫాదర్ చావుబతుకుల మధ్య ఉన్నాడు.

పంతొమ్మిది వందల అరవై ఒకటి, ఆగస్టు నెల. మంగళవారం పొద్దున నెల్లూరులో కలెక్టరు ముందు ఫాదర్ హాజరు కావాలి. ఆసుపత్రి ఉన్న జాగా తమదేనని ఉప్పు కంపెనీ వేసిన అర్జీ మీద ఆ రోజే విచారణ. బస్సు ఎక్కాలంటే ఉప్పుటేరు దాటాలి. చేపలు పట్టే మస్తానయ్య అనే పట్టపాయన పడవ కట్టాడు. ఏటి నడిమధ్యలో పడవ బోర్లాపడింది. ఫాదర్ తలకు చెక్క తగిలింది. మస్తానయ్యే ఆయన్ని ఒడ్డుకు లాక్కొచ్చాడు. నెల్లూరు నుంచి వచ్చిన డాక్టరు, ఈ గతుకుల దారిలో కదిలిస్తే ప్రాణం పోతుందని ఆయన్ని ఆయన ఆసుపత్రిలోనే ఉంచేశాడు. ఆ దెబ్బతో తెలుగూ ఇంగ్లీషూ ఆయన నోటికి రావడం మానేశాయి. పుట్టినప్పటి భాష ఒక్కటే మిగిలింది.

మస్తానయ్యను పోలీసులు పట్టుకున్నారు.

గురువారం పద్మనాభయ్య పాలెం చేరేసరికి, పోలీసు ఔట్‌పోస్టు చూరు కింద ఒక ఆడమనిషి పసిగుడ్డును కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది. మస్తానయ్య భార్య ఆదిశేషమ్మ. కబురు పంపింది ఆమే.

“పురిటి మనిషివి, ఇట్టా బయటికి రావచ్చునా అమ్మా?” అన్నాడు పద్మనాభయ్య.

“లోపల కూర్చుంటే ఆయన్ని రేపు నెల్లూరు జైలుకు తీస్కపోతారంటన్నా. మైల అని బిడ్డ మొహం గూడా ఇంకా చూళ్ళేదు. ఫాదరుకు ఏమన్నా అయితే ఉరేనంట గదా!” ఆమె బిడ్డను ఒళ్లోకి సర్దుకుంది. “నీ పేరు ఫాదర్ చెప్తా ఉండేవాడు. మంచోడు, మాట బాకీ ఉండాడు అని నవ్వేవాడు.”

పద్మనాభయ్య చెవులు వేడెక్కాయి. తల వంచుకుని లోపలికి నడిచాడు.

ఇన్స్పెక్టర్ కామాక్షయ్య బల్ల మీద కాళ్లు చాపి కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఒకే స్టేషన్లో పనిచేసినవాళ్లు. ఒక కేసులో కామాక్షయ్య పట్టుకున్న మనిషి నిర్దోషి అని తేల్చింది పద్మనాభయ్య. అప్పటినుంచి వాళ్లిద్దరికీ పొసగదు.

“రండి రైటరు గారూ! నెల్లూర్లో మొగుళ్ళ మీద నిఘా వెయ్యమనే పెళ్ళాలు అయిపోయినారా, ఇక్కడికొచ్చినారు?”

“ఆ మనిషితో రెండు మాటలు మాట్లాడనిస్తే వెళ్లిపోతాను.”

“మాట్లాడండి. మీకు శ్రమ లేకుండా వాడే ఒప్పుకున్నాడు.”

మస్తానయ్య మూల మోకాళ్లు ముడుచుకుని ఉన్నాడు. నీళ్లలో నానిన తాడులా ఉన్నాడు.

“ఫాదర్ని నువ్వే ముంచావా మస్తానయ్యా?”

“నేనే ముంచినా సామీ.”

“విన్నారు గదా!” అన్నాడు కామాక్షయ్య. “నెల కిందట కల్లు తాగినందుకు ఫాదర్ వీణ్ణి పాలెం అందరి ముందూ తిట్టినాడు. ఆ కసి. పైగా ఫాదర్ నోట ఒకటే మాట. త్రాబా, త్రాబా అని. నా చెవులారా విన్నా. ఆ భాష వచ్చినోడు ఉప్పు కంపెనీ గుమాస్తా రమణయ్య ఒకడే. అడ్డు అని అర్థం చెప్పినాడు. వీడు అడ్డు తగిలినాడని ఫాదర్ మొత్తుకుంటా ఉండాడు. ఇంకేం గావాలా?”

త్రాబా. పద్మనాభయ్యకు ఉప్పుటేటి గట్టు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల కిందటి నాలుగో మాట.

ఆయన నేల మీదే మస్తానయ్య పక్కన కూర్చున్నాడు. “ఎట్లా ముంచావో చెప్పు నాయనా.”

“మైల సామీ. ఆదిశేషు పురుడు పోసుకోని నాలుగు రోజులే అయింది. పడవ ముట్టుకోగూడదు. రోజూ అయితే ఎక్కేముందు పడవ చుట్టూ తిరిగి, ముందర నీళ్లు చల్లి, ఎనకమాల అడుగున తాడు దూర్చే ఇనుప కన్ను కడిగి, కళ్లకద్దుకోని ఎక్కుతాం. గంగమ్మకి అది మా లెక్క. మైల్లో ఆ పని చెయ్యగూడదు గదా. చెయ్యకుండానే ఎక్కినా. ఏటి నడిమధ్యకి పొయ్యేతలికి అమ్మ కిందనించి కాళ్లు పట్టుకోని లాగినట్టు లాగేసింది. పడవ అడ్డం తిరిగింది.” ముఖం మోకాళ్లలో దాచుకున్నాడు. “నా మైలే ఆయన్ని ముంచింది.”

కామాక్షయ్య నవ్వాడు. పద్మనాభయ్యకు నవ్వు రాలేదు. ఇంట్లో పురుడొస్తే దేవుడి గది తలుపు మూసుకునే మనిషి ఆయన.

“మైల అని తెలిసీ ఎందుకెక్కావు?”

“మిగతా పడవలన్నీ చేపల ఏటకి పొయ్యుండాయి. ఫాదరుకు టైమైపోతా ఉంది, ఆయన మతానికి మైల లేదులే, నువ్వే తీస్కపో అన్నాడు.”

“ఎవరన్నారు?”

“రమణయ్యన్న.”

“మరి మైల వల్లే మునిగిందని నీకెవరు చెప్పారు? నీకే తోచిందా?”

మస్తానయ్య తల ఎత్తాడు. “ఒడ్డున పడి దగ్గతా ఉంటే రమణయ్యన్నే చెవిలో చెప్పినాడు సామీ. ఎంత పని చేస్తివి మస్తానా, గంగమ్మ ఊరుకుంటాదా అని.”

పద్మనాభయ్య లేచాడు.

ఉప్పు కంపెనీ ఆఫీసు కూతవేటు దూరం. ముందు జట్కా విప్పి ఉంది. తెల్ల గుర్రం గడ్డి పరకలు కొరుకుతూ పొట్టి పొట్టి అడుగులు వేస్తోంది. దాని ముందరి కాళ్లు రెండూ ఎర్రంచు తుండుగుడ్డతో కలిపి కట్టి ఉన్నాయి. గుడ్డ కొత్తది. గుర్రాలకు ఇంత మంచి తుండు ఎవరు వాడతారా అనుకుంటూ పద్మనాభయ్య మెట్లెక్కాడు.

రమణయ్య ఎదురొచ్చి కుర్చీ వేశాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, నెమ్మదైన మాట.

“ఫాదర్ నన్ను పెంచినాడు సార్. మా అమ్మానాన్నా పోతే అన్నం పెట్టి సదువు చెప్పినాడు. మా మస్తానయ్య ఇట్టా చేస్తాడని కలలో గూడా అనుకోలా.”

“త్రాబా అంటే ఏమిటి నాయనా?”

“అడ్డు సార్.”

“ఎస్కోయో అంటే?”

రమణయ్య కళ్లు ఒక్క క్షణం నిలిచిపోయాయి. “అదీ అడ్డే సార్.”

“ఎస్తోర్బో?”

“అన్నీ ఒకటే సార్. అడ్డంటే అడ్డు. మీకు ఆ మాటలెట్టా తెలుసు?”

“ఫాదరే చెప్పారు. వాటిని కలిపేస్తే ఆయనకి కోపం వచ్చేది. తన బడి పిల్లలకి కూడా నేర్పానన్నారు.”

“చిన్నప్పటి సంగతులు, మర్చిపోయినా” అని రమణయ్య నవ్వాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. “ఇన్స్పెక్టర్ గారు నన్ను ఫాదర్ దగ్గర కూర్చోమన్నారు. ఆయన మళ్లీ ఏమన్నా మాట్లాడితే రాసుకోవాలంట. పోవాలి సార్.”

పద్మనాభయ్య ఏటి గట్టుకు నడిచాడు. వెనకాలే కామాక్షయ్య వచ్చాడు, వెంట కానిస్టేబుల్ సైదులు.

పడవ బురదలో సగం పక్కకు ఒరిగి బోర్లాపడి ఉంది. మంగళవారం నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్లు చేతులాపి చూస్తున్నారు.

“మైల పడవ సామీ! శుద్ధి చేసేదాకా ముట్టుకోబాకండి!” అని ఒక ముసలామె కేకేసింది.

“మీరు ఒక్కసారన్నా దీన్ని తిరగేసి చూశారా ఇన్స్పెక్టరు గారూ?”

“వాడు ఒప్పుకున్నాక తిరగేసేదేంది? ఇది పోలీసు స్వాధీనంలో ఉన్న పడవ. చెయ్యి పెడితే మిమ్మల్ని గూడా లోపలెయ్యాల్సొస్తాది.”

పద్మనాభయ్య చెయ్యి నిజంగానే ఆగింది. కామాక్షయ్య మాటకు కాదు, ముసలామె మాటకు. పొద్దున పెట్టుకున్న విభూతి ఇంకా నుదుట ఉంది. లోపల ఏదో వద్దంటోంది. తలస్నానం చేస్తే పోయే మైల కోసం ఒక మనిషి ప్రాణం పోనివ్వమని ఏ దేవుడైనా అంటాడా? అంటే, ఆ దేవుణ్ణి తను ఇంతకాలం సరిగా తెలుసుకోలేదన్నమాట. “తప్పయితే నాదే స్వామీ” అనుకుని పంచె ఎగ్గట్టి బురదలో దిగాడు.

“నేనూ పట్టుకుంటా ఉండండి అయ్యా” అంటూ సైదులు కూడా దిగాడు. కామాక్షయ్య ఏదో అనబోయి, గట్టున పోగవుతున్న జనాన్ని చూసి ఊరుకున్నాడు.

ఇద్దరూ వెనకకొస ఎత్తారు. అడుగున ఇనుప కన్ను. చుట్టూ మెత్తటి బురద పేరుకుంది. పద్మనాభయ్య వేళ్లతో తుడిచాడు. కన్నులోంచి దూర్చిన సన్నటి తాడు బయటపడింది. దాన్నుంచి వేలాడుతూ వేరే లావు తాడు ముక్క, కత్తితో కోసిన మొండి కొస.

“చూశారా? ఇక్కణ్ణుంచి నీళ్లడుగున పొడుగు తాడు. అవతలి కొస ఏట్లో వలలు కట్టే ఏదో గుంజకి. పడవ నడిమధ్యకి వెళ్లేదాకా వదులుగా ఉంటుంది. అక్కడ బిగుసుకుంటుంది. పడవ వేగంగా పోతుంటే వెనకనుంచి పట్టి లాగినట్టు అడ్డం తిరుగుతుంది. ఫాదర్ వెనక్కి మొహం పెట్టి కూర్చుని ఉంటారు. నీళ్లలోంచి తాడు పైకి లేవడం చూశారు. త్రాబా అంటే కాళ్లకు కట్టే తాడు.”

“అయితే ఏంది? ఆ తాడు మస్తానయ్యే కట్టుండొచ్చు!”

“పట్టపువాళ్ల తాళ్లు చూడండి.” పద్మనాభయ్య గట్టు మీది వలల వైపు చూపించాడు. “ఉప్పునీళ్లకి చివికిపోకుండా తుమ్మచెక్క కషాయంలో ముంచుతారు. అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఈ సన్నటిది తెల్లగా ఉంది. నీళ్ల పనికి పుట్టిన తాడు కాదు. రోజూ ఇనుప కన్ను చేత్తో కడుక్కునే మనిషికి తెలియకుండా ఇక్కడ తాడు కట్టడం కుదరదు. ఆ కడగడం జరగనిది మైల ఉన్న రోజే. ఎవరో ఆ రోజు కోసం కాచుకున్నారు. ముంచిన పాపం కూడా ఆ మనిషే నెత్తిన వేసుకుంటాడని వాళ్లకు తెలుసు. పడవ బోర్లాపడ్డాక ఆ తాడు తియ్యడానికి మాత్రం వీలు కాలేదు. ఇంతమంది చూస్తుండగా మైల పడవ ఎవరు ముట్టుకుంటారు?”

సైదులు ఆ సన్నటి తాడును విప్పి అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. ఒక కొసన ఉచ్చు, రెండో కొసన ఆ ఉచ్చులో ఇరికే లావుపాటి ముడి.

“ఇదేంది అయ్యా, ముందరికాళ్ళ బందం గదా! మా ఇంట్లో బర్రెగొడ్డుకి వేస్తాం. గుర్రాలకీ ఇదే.”

పద్మనాభయ్య అతని మొహంలోకి అలాగే చూస్తుండిపోయాడు. ముందరికాళ్ళకు బందం వెయ్యడం. ఎన్ని వందలసార్లు అన్నాడో ఆ మాట! భార్యను అన్నాడు, పై అధికార్లను అన్నాడు, మొన్న పిల్ల పెళ్లి మాటల్లో వియ్యంకుణ్ణి కూడా అన్నాడు. ఆ వస్తువును మాత్రం ఎన్నడూ కళ్లతో చూడలేదు. నోట్లో మాట ఉంచుకుని ఎనిమిదేళ్లు బాకీ పడ్డాడు.

ఎర్రంచు తుండుగుడ్డ గుర్తొచ్చింది.

“ఇన్స్పెక్టరు గారూ, కంపెనీ గుర్రం కాళ్లకి ఇవాళ తాడు లేదు. కొత్త తుండుగుడ్డ కట్టారు. దాని బందం ఇదే. ఆ జట్కా తోలేదెవరు?”

కామాక్షయ్య చప్పున కంపెనీ ఆఫీసు వైపు తిరిగాడు. “రమణయ్య” అన్నాడు. మరుక్షణం గొంతు మారింది. “వాణ్ణి ఫాదర్ పక్కన నేనే కూర్చోబెట్టినా గదయ్యా!”

గట్టు మలుపులో ఆసుపత్రి నర్సు సామ్రాజ్యం ఎదురొచ్చింది, చేతిలో క్యారియర్.

“ఫాదర్ దగ్గర ఎవరున్నారమ్మా?”

“రమణయ్యన్న ఉండాడు గదా. నేను చూసుకుంటా, నువ్వు పోయి అన్నం తినిరా అన్నాడు. పాపం, తలుపు గూడా ఆయనే వేసుకున్నాడు, గాలి తగలకుండా.”

ముగ్గురూ పరుగెత్తారు. పొద్దు వాలుతోంది. ఉప్పు మడుల మీద వెలుతురు రాగిరంగు తిరిగింది. వరండాలో ఎవరూ లేరు. తలుపుకు లోపలనుంచి గడియ. సైదులు భుజంతో రెండు పోట్లు పొడిచేసరికి గడియ ఊడింది.

రమణయ్య మంచం పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. ఒక చేతిలో తడిగుడ్డ, నాలుగు మడతలు వేసినది. ఊపిరాడకుండా మొహం మీద అదమడానికి అది చాలు. రెండో చేతి మణికట్టును ఫాదర్ పట్టుకుని ఉన్నాడు. ఎముకలు తేలిన ముసలి వేళ్లు. కాస్త విదిలిస్తే ఊడిపోయే పట్టు. రమణయ్య విదిలించలేదు.

ఫాదర్ కళ్లు తెరుచుకుని ఉన్నాయి. పెంచిన కొడుకు మొహంలోకి చూస్తూ ఒక్క మాటే అడుగుతున్నాడు. మెల్లగా, మళ్లీ మళ్లీ.

“ఎస్తోర్బో? ఎస్తోర్బో?”

పద్మనాభయ్యకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. లేకపోతే బాగుండునే అనిపించే అడ్డు. నీకు నేను అదేనా నాయనా?

తడిగుడ్డ జారి నేల మీద పడింది. రమణయ్య గొల్లుమన్నాడు. “విచారణకి ఈయన పోకుండా ఆపితే చాలన్నారు సార్! తడిసి ఎనక్కి తిరిగొస్తాడు, అంతేలే అన్నారు. మేనేజరు పని ఇప్పిస్తామన్నారు. సంపాలనుకోలా... ఆయన త్రాబా అంటా ఉంటే నిద్ర పట్టలా...”

“అన్నదెవరు?” కామాక్షయ్య అతని చొక్కా పట్టి లేపాడు. “నీకు ఈత రాదని పాలెమంతా తెలుసు. ఏట్లో దిగి తాడు కోసి, గుంజ దగ్గరనించి తీసేసినోడు ఎవడు?”

రమణయ్య కిటికీ వైపు చూశాడు. బయట గట్టు మీద మసక చీకట్లో జనం నిలబడి ఉన్నారు. ఆడా మగా, కంపెనీ మనుషులు, వలల వాళ్లు. అందులో ఒకణ్ణి చూసినట్టు అతను మొహం తిప్పేసుకున్నాడు.

“చెప్తే నన్ను బతకనియ్యరు సార్. ఆయన్ని గూడా.” వేలు మంచం వైపు చూపించింది. “వాడు ఇక్కడే ఉండాడు.”

కామాక్షయ్య కిటికీ తలుపులు ధడాలున మూశాడు. సైదుల్ని గుమ్మంలో నిలబెట్టాడు. వరండాలోకి వెళ్లి గట్టిగా కేకేశాడు. “ఔట్‌పోస్టుకి పోయి మస్తానయ్యని వదిలిపెట్టమని చెప్పండి! పడవ మనిషి, ఆ నీళ్లు తెలిసినోడు, వాడు నాకు ఇక్కడ గావాలా!” లోపలికి తిరిగొచ్చి, పద్మనాభయ్య వైపు చూడకుండానే అన్నాడు. “ఈ రాత్రికి మీరు గూడా ఈయన్ని ఇడిచి పోబాకండి రైటరు గారూ.” ఆ గారులో ఈసారి ఎగతాళి లేదు.

పద్మనాభయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఒళ్లంతా బురద, మైల. ఈ చేత్తో ముట్టుకోవచ్చా అనుకున్నాడు. ఫాదరే ఆయన చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

“ఫాదర్, నేను. మాట బాకీ ఉన్నవాణ్ణి.” చెవి దగ్గరికి వంగాడు. “ఆలస్యమైంది. క్షమించాలి. త్రాబాకి మా వాళ్లు ఏమంటారో తెలిసింది. ముందరికాళ్ళ బందం.”

ముసలాయన కళ్లు కదిలాయి. ఎక్కడో చాలా దూరం నుంచి తిరిగొస్తున్నట్టు పెదాలు తడుముకున్నాయి. మూడు రోజులుగా ఆ నోటికి రాని తెలుగు, ఒక్కో మెట్టే దిగుతూ వచ్చింది.

“ముందరి... కాళ్ళ... బందం” అన్నాడు ఫాదర్. “బాగుంది.”